దమ్మాయిగూడ మీది మబ్బు

నాకు ఉరుములంటే భయం. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే నా ఉద్యోగం మబ్బులు చూడటం. ఈ రెండు ముక్కలూ కలిపి విన్నవాళ్లు తప్పకుండా ఒకసారి నవ్వుతారు. నవ్వనివ్వండి, నాకు అలవాటే. చిన్నప్పుడు కాకినాడలో, వానాకాలం సాయంత్రాలు నేను మంచం కిందే గడిపేదాన్ని. మా అమ్మ విసుక్కుంటూ అన్నం కంచం అక్కడికే తోసేది. పెళ్లయి నాచారంలో కాపురం పెట్టాక మంచం కింద చోటు లేదు. అక్కడ సూట్‌కేసులున్నాయి. అందుకని దుప్పటి ముసుగుతో సరిపెట్టుకుంటున్నాను.

తెర మీద మబ్బు ఉరమదు. నాకీ ఉద్యోగం నచ్చడానికి అసలు కారణం అదే అనిపిస్తుంది. ఉప్పల్‌లో రింగురోడ్డుకు కొంచెం లోపలగా, ఒక భవనం మూడో అంతస్తులో మా ప్రాజెక్టు ఆఫీసు ఉంది. ఉపగ్రహాలు పంపే చిత్రాల్లోంచి ఉష్ణమండల సముద్రాల మీది మబ్బుల లెక్క తీయడం మా పని. బంగాళాఖాతం మీదా, హిందూ మహాసముద్రంలో భూమధ్యరేఖకు అటూ ఇటూ, ఏ నెలలో ఎంత మబ్బు పట్టింది, అది ఎంత ఎత్తుకు పోయింది, నీళ్లు వేడెక్కుతున్నకొద్దీ ఆ మబ్బులు పెరుగుతున్నాయా తరుగుతున్నాయా, వీటికే మేం జవాబులు వెతికేది. ఉపగ్రహం నిజానికి కొలిచేది వేడిని. మబ్బు తల ఎంత పైకి పోతే అంత చల్లబడుతుంది, చిత్రంలో అంత తెల్లగా కనబడుతుంది. తెల్లటి తెలుపు కనబడిందంటే దాని కింద సముద్రం అల్లకల్లోలమవుతోందని అర్థం. మేం మాత్రం ఏసీలో కూర్చుని, టీ తాగుతూ, ఆ తెలుపుకి ఒక అంకె వేసి చిత్రంలో పక్క గడికి పోతాం.

మా ఆయనది జనగామ వైపు. ఆయనకు ఉరుమన్నా పిడుగన్నా లెక్కలేదు. కరెంటు తీగలన్నా, ఎత్తన్నా లెక్కలేదు. నాకు తప్ప దేనికీ భయపడనని చుట్టాల ముందు అంటుంటారు, అదీ అబద్ధమే. ఇళ్ల మీదా ఫ్యాక్టరీ షెడ్ల మీదా సోలార్ పలకలు బిగించే పని ఆయనది. నలుగురు పనివాళ్లున్నారు, వాళ్లతో పాటు తనూ పైకెక్కుతారు. కింద నిలబడి చేయించమంటే వినరు. నాచారం పారిశ్రామికవాడలో ఏదో ఒక షెడ్డు మీద ఎప్పుడూ పని ఉంటుంది.

ఎండాకాలం వస్తే మా ఇద్దరి మధ్యా ఒక అలవాటు మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఆకాశం సంగతి తెలిసిందే. మధ్యాహ్నం దాకా నిప్పులు చెరుగుతుంది, ఆ తర్వాత ఎక్కడి నుంచో ఒక మబ్బు లేచి, గాలీ వడగళ్లూ పిడుగులూ అన్నీ ఒక్కసారే కుమ్మరించి పోతుంది. అలాంటి రోజుల్లో రేకుల మీదికి ఎక్కబోయే ముందు ఆయన నాకు ఫోన్ చేస్తారు. "మొగులు ఎటున్నది?" అంటారు. మొగులంటే వాళ్ల వైపు మబ్బు. నేను చేస్తున్న పని ఆపి, తాజా చిత్రం తెరిచి, హైదరాబాద్ మీదికి జరిపి చూసి చెబుతాను. పిడుగులను హెచ్చరించే యాప్‌లు ఉన్నాయి కదా అని మీరనొచ్చు. ఉన్నాయి. ఆయన ఫోన్లోనూ ఉంది. దానికన్నా ఆయనకు నా మీద నమ్మకం ఎక్కువ. పక్క కుర్చీల వాళ్లు నన్ను గృహ వాతావరణ శాఖ అని ఆట పట్టించేవారు. పైకి విసుక్కునేదాన్ని గానీ, నిజం చెప్పాలంటే గర్వంగానే ఉండేది. పిరికిదాన్ని, ఒక ధైర్యవంతుడికి కాపలా కాస్తున్నాను కదా మరి.

ఆయన దగ్గర ఒక నియమం ఉంది. పైకెక్కేవాళ్లు ఎవరూ ఫోన్ తీసుకెళ్లకూడదు. ఒకసారి ఒకతని జేబులోంచి ఫోన్ జారి, కింద వెళ్తున్న మనిషి భుజానికి తగిలింది. అప్పటి నుంచి అందరి ఫోన్లూ ఒక సంచిలో వేసి నిచ్చెన మొదట్లో తగిలిస్తారు. మోగితే పైకి వినబడుతుంది, అవసరమైతే ఒకరు దిగి ఎత్తుతారు.

అది మే నెల. పొద్దున ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్నా చెమట ఆగలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ షెడ్డు దగ్గర్నుంచి ఆయన ఫోన్ చేశారు.

"మొగులు ఎటున్నది?"

చిత్రం తెరిచాను. ఉంది. ఆషామాషీ మబ్బు కాదు, మేం బంగాళాఖాతం నడుమ చూసేలాంటి తెలుపు. "పెద్దదే ఉందండీ. దమ్మాయిగూడ మీద ఉంది, మీకు ఉత్తరాన. ఇటువైపు అంచు కుషాయిగూడ దాకా వచ్చింది."

"ఇటు వస్తున్నదా?"

అంతకు ముందు చిత్రం పక్కన పెట్టి చూశాను. తూర్పుకు జరిగింది. "కీసర వైపు పోతున్నట్టుంది. మీ మీదికి రాకపోవచ్చు. వచ్చినా ఒక గంట టైముంటుంది."

"గంట మస్తు. ఆఖరు రెండు వరుసలే ఉన్నయి. పలకలు వెట్టినం గని బిగియ్యలే. గట్లనే ఇడిస్తే గాలికి లేసి రోడ్డు మీద వడ్తయి. బిగించి దిగుత."

"జాగ్రత్త."

"నువ్వేం ఫికర్ జేయకు."

ఫోన్ పెట్టేశాను. నిజంగానే ఫికర్ చేయలేదు. అదీ విచిత్రం. పుట్టి బుద్ధెరిగాక మబ్బు గురించి నేను భయపడకుండా మాట్లాడిన కొద్ది మాటల్లో అవి కొన్ని.

ఆ రోజు నా చేతిలో ఇంకో పని ఉంది. మేం రాసిన పరిశోధనా వ్యాసాన్ని పరిశీలించిన వాళ్లెవరో కొన్ని ప్రశ్నలు పంపారు. మా సారు వాటిలో ఒకటి నాకు అప్పగించారు. ఎత్తైన మబ్బుల స్థానాన్ని మీరు సరిదిద్దారా లేదా, అని ఆ ప్రశ్న. మా పనిలో ఇది పాత సంగతే. మేం వాడే ఉపగ్రహం భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఉంటుంది. అక్కణ్ణుంచి ఉత్తరాన ఉన్న మమ్మల్ని ఏటవాలుగా చూస్తుంది. మీ డాబా మీద నిలబడి ఎదురింటి నీళ్ల ట్యాంకు చూడండి, అది ఆ వెనకింటి డాబా మీద ఉన్నట్టు కనబడుతుంది. ఇదీ అంతే. మబ్బు తల చాలా ఎత్తున ఉంటుంది కాబట్టి, పటం మీద అది ఉన్న చోట కాకుండా, దానికి ఉత్తరంగా కొంత దూరంలో పడుతుంది. మబ్బు ఎంత ఎత్తయితే అంత దూరం తప్పు చూపిస్తుంది.

సముద్రం మీద దీన్ని మేం పట్టించుకోం. పట్టించుకోనక్కర్లేదు కూడా. సముద్రాన్ని పెద్ద పెద్ద గళ్లుగా విడగొట్టి, గడికో సగటు తీసే పని మాది. నేను జవాబు టైపు చేయడం మొదలుపెట్టాను. బాగా ఎత్తైన మబ్బులు అసలు చోటుకన్నా అయిదారు కిలోమీటర్లు ఉత్తరంగా కనబడే మాట నిజమే గానీ, మా గళ్ల వెడల్పు ముందు అది చిన్నదనీ, దానివల్ల మా ఫలితాలకు నష్టమేమీ లేదనీ రాశాను. వాక్యం బాగా కుదిరిందా అని మళ్లీ చదువుకున్నాను.

ఆ చదవడంలో 'అయిదారు కిలోమీటర్లు ఉత్తరంగా' అన్న చోట ఆగిపోయాను.

కుషాయిగూడ నుంచి అయిదారు కిలోమీటర్లు దక్షిణానికి వస్తే ఏముందో నాకు పటం అక్కర్లేదు. పెళ్లయిన కొత్తలో అద్దె ఇంటి కోసం ఆ దారంతా తిరిగాం. అక్కడ నాచారం ఉంది. ఆ పారిశ్రామికవాడ ఉంది. ఆ షెడ్డు ఉంది. తాజా చిత్రం తెరిచాను. మబ్బు ఇంకా వెడల్పయింది, ఇంకా తెల్లబడింది. నేను చెప్పిన కీసర దారి పట్టలేదు. ఉన్నచోటే ఉండి నాలుగు వైపులా ఊరుతోంది.

తెరల మీద వెలుగు పడకూడదని మా ఆఫీసు కిటికీలకు ఎప్పుడూ మందపాటి కర్టెన్లు వేసి ఉంటాయి. రోజంతా ఆకాశం చూసే మేం ఆకాశం ఎలా ఉందో సాయంత్రం కిందికి దిగాకే చూస్తాం. లేచి కర్టెన్ లాగాను. ఉత్తరం నల్లగా ఉంది. దమ్మాయిగూడా ఉత్తరమే, నాచారమూ ఉత్తరమే. ఆ నలుపు ఎంత దూరాన ఉందో చూసి చెప్పడం నా వల్ల కాలేదు. అప్పుడే ఒక మెరుపు నిలువునా దిగింది. ఎప్పుడూ చేసేదే చేశాను, చెవులు మూసుకున్నాను.

ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. నిచ్చెన మొదట్లో సంచిలో అది మోగుతూ ఉండటం నా కళ్లకు కట్టినట్టు కనబడుతోంది. వినబడితే ఎవరో ఒకరు దిగాలి కదా. ఎందుకు దిగడం లేదు? ఒకవేళ ఎత్తే స్థితిలో లేరా? పక్క కుర్చీ ఆమె "ఏమైందే, అలా అయిపోయావు?" అంటోంది. ఏం చెప్పానో గుర్తులేదు. స్కూటీ తాళాలు తీసుకుని మెట్లు దిగాను.

నా స్కూటీ మీద ఉప్పల్ నుంచి హబ్సిగూడ దాకా మెట్రో స్తంభాల నీడలోనే వెళ్లాను. అప్పటికే గాలి లేచింది. రోడ్డు మీది దుమ్మంతా కళ్లలోకి కొట్టుకొస్తోంది, ఫ్లెక్సీలు చిరిగి కొట్టుకుంటున్నాయి. బండ్ల వాళ్లందరూ ఒక్కొక్కరే ఆగి మెట్రో కింద చేరుతున్నారు. మామూలు రోజైతే అందరికన్నా ముందు ఆగేదాన్ని నేనే. ఆ కప్పు వదిలి కుడివైపు నాచారం రోడ్డులోకి తిరిగాక నా ముందూ వెనకా బండ్లు పలచబడిపోయాయి. అందరూ అటు నుంచి ఇటు వస్తున్నారు, హెడ్‌లైట్లు వేసుకుని. పట్టపగలు హెడ్‌లైట్లు.

నేను ఏడుస్తున్నానని హెల్మెట్ లోపల తడి తగిలాకే తెలిసింది. ఉరిమినప్పుడు అనుకోమని మా అమ్మమ్మ నేర్పిన పేర్లు బిగ్గరగా అనుకుంటూ పోయాను. వరస తప్పింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను, మళ్లీ తప్పింది. ప్రతి మెరుపుకీ కళ్లు మూసుకుపోతున్నాయి, బండి నడుపుతూ కళ్లు మూసుకోవడం కన్నా పిడుగు నయమని తెలుసు, అయినా మూసుకుపోతున్నాయి. వెనక్కి తిరిగి మెట్రో కిందికి పోవాలని ఒళ్లంతా గుంజుతోంది. నా భర్త రేకుల మీద ఉన్నారు. ఇనుప చట్రాల మధ్య కూర్చుని, చేతిలో ఇనుప పానా పట్టుకుని, మబ్బు దమ్మాయిగూడ మీద ఉందని నమ్ముతున్నారు. ఆ మాట చెప్పింది నేనే. నేను వెళ్లి ఆ మాట వెనక్కి తీసుకోకపోతే ఇంకెవరూ తీసుకోలేరు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం వచ్చాడు. "మేడం, ఎంట్రీ రాయాలె" అన్నాడు. బండి అక్కడే పడేసి అతని పక్కనుంచి పరుగెత్తాను. లోపల జనరేటరు హోరెత్తిపోతోంది. గాలికి కరెంటు పోయినట్టుంది. ఫోన్ ఎందుకు వినబడలేదో అప్పుడు అర్థమైంది. సంచి నిచ్చెనకు వేలాడుతూ ఉంది.

తలెత్తి చూశాను. షెడ్డు పైన ఆ చివర వాళ్లున్నారు. పైన ఆకాశం నల్లగా కాదు, ఒక రకమైన ఆకుపచ్చగా ఉంది. అంత దగ్గరగా దాన్ని నేనెప్పుడూ చూడలేదు. ముగ్గురు లేచి నిలబడ్డారు, దిగడానికే అన్నట్టు. మా ఆయన, ఇంకొకతను వంగి ఇంకా బిగిస్తున్నారు.

"ఏవండీ!" అని అరిచాను. నా గొంతు నాకే వినబడలేదు. రెండు చేతులూ ఊపాను. ఆయన చూశారు. నన్ను అక్కడ చూసి ఆశ్చర్యపోయినట్టు ఒక క్షణం ఆగి, నవ్వి, చెయ్యి ఊపారు. దిగమని సైగ చేశాను. ఆయన తల అడ్డంగా ఊపి, పానా ఉన్న చేతిని ఉత్తరం వైపు చాపి చూపించారు. అటుంది, అని. తర్వాత రెండు వేళ్ల మధ్య కొంచెం సందు పెట్టి చూపించారు. ఇంకొంచెమే ఉంది, అయిపోతుంది, అని.

నా మాటలే నాకు చెబుతున్నారు. నెత్తి మీద మబ్బు పెట్టుకుని అది దమ్మాయిగూడ మీద ఉందని నాకు చూపిస్తున్నారు. అంత భయం నాకు అంతకుముందు ఎప్పుడూ వేయలేదు, మంచం కింద కూడా.

ఏం చేస్తున్నానో ఆలోచించలేదు. నిచ్చెన పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాను. షెడ్డు గోడకు నిలువుగా బిగించిన ఇనుప నిచ్చెన అది. చీర కాదు గనక సరిపోయింది, చుడీదార్ చున్నీ మాత్రం గాలికి మొహానికి చుట్టుకుపోతోంది. కింద వాచ్‌మన్ కేకలు. సగం ఎక్కాక ఇక చేతులు కదల్లేదు. పైకీ పోలేను, కిందికీ రాలేను. ఇనుముకు నుదురు ఆనించి కళ్లు మూసుకున్నాను.

"ఏయ్! దిగు! పిచ్చి లేసిందా నీకు?" పైనుంచి మా ఆయన గొంతు. రేకుల మీద అడుగుల చప్పుడు దగ్గరైంది. "దిగు అంటున్న!"

"మీరు దిగితేనే దిగుతాను" అన్నాను. ఏడుపులో ఎంత వినబడిందో తెలియదు. "అది ఇక్కడే ఉంది. మన మీదే ఉంది. నేను తప్పు చెప్పాను."

ఆయన ఇంకేమీ అడగలేదు. "అందరు దిగుండ్రి, జల్ది!" అని వెనక్కి కేకేశారు. నా కోసం తనే ముందు నా పై మెట్టు దాకా దిగి, ఒంగి నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దింపారు. మా వెనకే మిగతావాళ్లు దిగారు. చివరి మనిషి కాలు నేల మీద పెట్టాక అందరం షెడ్డు లోపలికి పరుగెత్తాం. ఆ వెంటనే వడగళ్లు మొదలయ్యాయి. రేకుల మీద ఆ మోత భరించలేక నేను చెవులు మూసుకుని ఒక మూల కూలబడ్డాను. అంతలో వెలుగూ చప్పుడూ ఒక్కసారే వచ్చాయి. షెడ్డు మొత్తం కదిలింది. జనరేటరు ఆగిపోయింది. ఎవరో "అమ్మో" అన్నారు. అది నేనే కావొచ్చు.

పిడుగు ఎక్కడ పడిందో అప్పుడు తెలియలేదు. వాన పూర్తిగా వెలిసాక ఒకతను ఎక్కి చూసొచ్చాడు. చివరి వరసలో వాళ్లు కూర్చున్న చోట రేకు నల్లబడి, పలక అద్దం పొడిపొడి అయిపోయిందట.

మా ఆయన నా పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చుని తువ్వాలుతో తల తుడుచుకుంటున్నారు. ఆయన గొంతులో కోపం లేదు, అర్థం కానట్టు మాత్రమే అడిగారు.

"దమ్మాయిగూడ మీదున్నదంటివి గదా?"

చెప్పాను. ఉపగ్రహం ఏటవాలుగా చూడటం, డాబా మీది నీళ్ల ట్యాంకు, అంతా. ఆయన శ్రద్ధగా విన్నారు.

"అంటే గది ఎప్పుడు గట్లనే సూపిస్తదా? ఇయ్యాల ఒక్కనాడేనా?"

"ఎప్పుడూ అంతే. పెద్ద మబ్బు ఎప్పుడూ ఉన్నచోటుకు ఉత్తరంగానే కనబడుతుంది."

ఆయన తల ఊపారు. ఏం లెక్క వేసుకుంటున్నారో నాకు తెలుసు, నేనూ అదే వేసుకుంటున్నాను. అన్ని ఎండాకాలాలు, అన్ని షెడ్లు, నేను ఎక్కమన్నప్పుడల్లా ఎక్కిన మనుషులు. ఇన్నాళ్లూ ఏమీ కాలేదంటే, అది నేను చూసి చెప్పినందువల్ల కాదు.

పనివాళ్లలో పెద్దతను, ఆయనతో ముందు నుంచీ ఉన్నవాడు, గ్లాసుతో నీళ్లు తెచ్చి నాకిచ్చాడు. నన్ను ఓదార్చాలనుకున్నాడేమో, నవ్వుతూ అన్నాడు.

"వదినా, ఉరుము ఇనంగనే మేం దిగుదామన్నం. అన్ననే ఇనలే. మా ఆమె మొగులునే సూసుకుంట కూసున్నది, జర ఇటు మళ్లితే ఊకుంటదా అన్నడు."

మా ఆయన కూడా నవ్వారు. "మరి ఊకున్నదా? ఉరికొచ్చె గదా" అన్నారు.

నీళ్ల గ్లాసు నా చేతిలో ఉంది. వాళ్లిద్దరూ నా వైపు చూస్తున్నారు, ఇద్దరి మొహాల్లోనూ ఎంత నమ్మకమో. ఆ నమ్మకాన్ని మోయడం ఇక నా వల్ల కాలేదు.

"నేను చూడటం లేదండీ" అన్నాను. "మీ ఫోన్ పెట్టేయగానే ఆ చిత్రం మూసేశాను. ఆఫీసు పని చేసుకుంటున్నాను. ఇవాళొక్కరోజే కాదు, ఎప్పుడూ అంతే. మీరు అడిగినప్పుడు ఒక్కసారి చూసి చెబుతాను. తర్వాత చూడను. సముద్రం చూసుకుంటాను."

తువ్వాలు పట్టుకున్న ఆయన చెయ్యి ఆగిపోయింది. మెల్లగా తలెత్తి పైన రేకుల వైపు చూశారు, తర్వాత తన నలుగురు మనుషుల వైపు, ఒక్కొక్కరినీ. మా ఆయన భయపడటం నేను చూడటం అదే మొదటిసారి.